ఇల్లు చూడటానికి వస్తామన్నారా? ముందు మందుల డబ్బా, బీరువా తాళం సంగతి చూడండి

ఇల్లు అమ్మకానికి పెట్టినా, పై పోర్షను అద్దెకిస్తామని గేటుకు టులెట్ బోర్డు తగిలించినా జరిగేది ఒకటే. ముక్కూ ముఖం తెలియని వాళ్లను మనమే పిలిచి, పడకగది దాకా తీసుకెళ్లి, "బీరువా ఇక్కడ పెట్టుకోవచ్చు" అని మన నోటితోనే చెబుతాం. వచ్చేవాళ్లలో దాదాపు అందరూ నిజంగా ఇల్లు కావలసినవాళ్లే. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ ఒక్కరి కోసమే ఈ జాగ్రత్తలన్నీ.

నల్లగొండలో మా అమ్మ ఉంటున్న ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఒకే ఆదివారం ఐదు కుటుంబాలు వచ్చి చూశాయి. సాయంత్రం దీపం పెట్టబోతే వెండి కుంకుమ భరిణె కనిపించలేదు. ఫ్రిజ్ మీది డబ్బాలో ఉండాల్సిన నిద్రమాత్రల స్ట్రిప్పులు రెండు కూడా పోయాయని తెలియడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఇంటిల్లిపాది అనుమానం అంట్లు తోమే ఆవిడ మీదే. ఆ ఆదివారం ఆవిడ పనికే రాలేదన్న సంగతి అందరికీ ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆవిడ ముఖం చూడటానికి నాకే సిగ్గేసింది. కింద రాసినవన్నీ ఆ ఆదివారం తర్వాత నేర్చుకున్నవే.

ఫోను వచ్చినప్పుడే

వచ్చే వాళ్ల పేరు, ఎంతమంది వస్తున్నారు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, మన ఇంటి సంగతి ఎవరు చెప్పారు అని అడగండి. అడగడం తప్పు కాదు. నిజంగా ఇల్లు కావలసినవాళ్లు ఈ మాత్రం వివరాలు చెప్పడానికి వెనకాడరు. ఆ నంబరుకు మీరే ఒకసారి తిరిగి ఫోను చేయండి. "గడియారం సెంటర్లోనే ఉన్నాం, పది నిమిషాల్లో వచ్చేస్తాం" అంటే మొహమాటపడకుండా మరుసటి రోజు సమయం చెప్పండి. ఇల్లు సర్దుకోవడానికి మీకు ఒక పూట కావాలి.

వెలుతురు ఉన్నప్పుడే రమ్మనండి. ఇద్దరు ముగ్గురికి ఒకే సమయం ఇవ్వొద్దు, మధ్యలో కనీసం అరగంట ఉండాలి. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు చూసేవాళ్లు పెద్దగా రారు. శ్రావణం రాగానే అందరూ ఒక్కసారిగా మొదలవుతారు. అద్దె ఇళ్లకైతే జూన్‌లో బడులు తెరిచే ముందు తాకిడి ఎక్కువ. ఆ హడావిడిలోనే లెక్క తప్పుతుంది.

పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. బేరం మాత్రం పిల్లలు ఫోనులో నడుపుతుంటారు. అలాంటప్పుడు "ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, ఎప్పుడైనా వెళ్లి చూడండి" అన్న మాట నోటి నుంచి రాకూడదు. వంద కిలోమీటర్లే కదా, ఇల్లు చూపించే రోజున మీరే వెళ్లండి. కుదరకపోతే బాబాయినో, పక్కింటి అన్ననో తోడు ఉండమనండి.

ఆన్‌లైన్‌లో పెట్టే ఫొటోల్లో బీరువా, పూజ గదిలోని వెండి, టేబుల్ మీది మందులు, గోడకున్న తాళాల గుత్తి కనిపించకూడదు. ఫొటో చూసి ఇంట్లో ఏది ఎక్కడుందో తెలుసుకుని వచ్చినవాడికి మీరు చూపించాల్సింది ఇంకేమీ ఉండదు. ఇంకో మాట. అడ్వాన్సు పంపుతామంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అది మోసమే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకవేళ మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

మందులు: ఎవరూ దాచని సొత్తు

బంగారం దాచాలని ఎవరికీ చెప్పనక్కర్లేదు. మందులు దాచాలని మాత్రం ఎవరికీ తోచదు. యాభై రూపాయల మాత్రలు ఎవడు ఎత్తుకుపోతాడులే అనుకుంటాం. అయితే వాటి విలువ ఆ యాభై రూపాయల్లో లేదు. ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఇవి హెచ్1 షెడ్యూల్ మందులు. 2014 మార్చి నుంచి అమలైన ఆ నిబంధన ప్రకారం మెడికల్ షాపు వాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా తెచ్చారు. అలవాటు పడినవాడికి షాపులో దొరకని ఆ సరుకు మన ఫ్రిజ్ మీద డబ్బాలో ఊరికే దొరుకుతుంది. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం కలుపుతారన్న సంగతి పాలమూరు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లున్న నల్లగొండ పల్లెల్లో ఇంటింటా నొప్పి మాత్రలు ఉంటాయి. క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో నొప్పి తగ్గించే మార్ఫిన్ కూడా ఉండవచ్చు.

కాబట్టి ముందు రోజు రాత్రి ఇల్లంతా తిరిగి మందులన్నీ ఒకచోటికి చేర్చండి. అవి ఒక్క డబ్బాలో ఉన్నాయనుకుంటే పొరపాటు. మా ఇంట్లో ఫ్రిజ్ మీది పాత స్వీటు డబ్బాలో కొన్ని, అమ్మ దిండు కింద కొన్ని, టీవీ స్టాండు సొరుగులో సగం తాగిన దగ్గు సిరప్పు, కిటికీ దగ్గర మెడికల్ షాపు కవరులో మడిచిపెట్టిన చీటీతో సహా కొన్ని బయటపడ్డాయి. హ్యాండ్ బ్యాగులు, స్కూటరు డిక్కీ కూడా వెతకండి.

తర్వాత లెక్క. నోటు పుస్తకంలో మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మాత్రలు మిగిలాయో రాయండి. స్ట్రిప్పులన్నీ పరిచి ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. పది నిమిషాల పని. ఆ ఆదివారం ఈ పని చేసి ఉంటే మా ఇంట్లో ఒక మనిషిని అన్యాయంగా అనుమానించేవాళ్లం కాదు.

లెక్క అయ్యాక నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, మార్ఫిన్, కోడీన్ ఉన్న దగ్గు మందు తాళం ఉన్న పెట్టెలో వేసి, ఆ పెట్టెను ఇంటి బయటికి పంపండి. పక్కింట్లో నమ్మకమైనవాళ్లుంటే అంతకంటే మంచి చోటు లేదు. కారులో మాత్రం పెట్టొద్దు. మే నెలలో తలుపులు మూసిన కారు పొయ్యి మీది పెనంలా కాలుతుంది, మందులు పాడవుతాయి.

ఇన్సులిన్ సంగతి వేరు. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకడితే ఇక పనికిరాదు. వాడుతున్నది మామూలు గది వేడిలో చాలా రకాలకు నాలుగు వారాల దాకా ఉంటుంది. కానీ నలభై దాటిన మన ఎండాకాలం గదిని మామూలు గది అనలేం. దొంగ భయంతో ఇన్సులిన్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తే దొంగ చేయని నష్టం మనమే చేసుకున్నట్టు. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించండి, లేదా ఫ్రిజ్‌లోనే కూరగాయల అరలో అడుగున పెట్టి వంటగదిలో మనిషిని ఉంచండి.

అన్నీ దాచేయకూడదు కూడా. ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్, గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఆ పూట వేసుకోవాల్సిన బీపీ మాత్ర పెద్దవాళ్ల జేబులోనో కొంగు ముడిలోనో ఉండాలి. తాళం వేసిన పెట్టెలో ఉన్న ప్రాణరక్షణ మందు ఉన్నా లేనట్టే.

మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు కూడా పెట్టెలోకే. చీటీ ఉంటే షాపులో మందు దొరుకుతుంది. పైగా దాని మీద పేరు, వయసు, జబ్బు అన్నీ ఉంటాయి. ఇంట్లో డెబ్బై ఐదేళ్ల ఒంటరి మనిషి నిద్రమాత్రలు వేసుకుని పడుకుంటుందని వచ్చినవాళ్లకు తెలియాల్సిన అవసరం ఏముంది?

గడువు దాటినవి ఈ వంకతోనైనా వదిలించుకోండి. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో మార్ఫిన్, ట్రమడాల్, డయాజెపామ్ లాంటి 17 మందులను చెత్తబుట్టలో వేయకుండా టాయిలెట్‌లో వేసి నీళ్లు వదలమని ఉంది. అవి మరొకరి చేతికి చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి. మిగతా మందులకు ఇది వర్తించదు.

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు పిల్లలను కూడా తెస్తారు. పెద్దవాళ్లు గోడల మీద పగుళ్లు వెతుకుతుంటే పిల్లలు సొరుగులు లాగుతారు. ఎర్రగా నిగనిగలాడే ఐరన్ మాత్ర వాళ్ల కంటికి చాక్లెట్టే. నాలుగు మింగితే ఆసుపత్రికి పరుగెత్తాలి. దొంగలంటే మీకు భయం లేకపోయినా ఈ ఒక్క కారణంతోనైనా మందులు తీసేయండి.

నైరుతి మూల

మన ఇళ్లలో బీరువా ఎక్కడుందో దొంగ వెతకనక్కర్లేదు. వాస్తు ప్రకారం నైరుతి గదిలో, ఉత్తరం వైపు తలుపు తెరుచుకునేలా పెడతాం. నల్లగొండ రామగిరిలో చూసినా, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో చూసినా అదే మూల. పైగా కొనేవాళ్లు వాస్తు చూసే ఆయనను వెంట తెచ్చుకుంటారు. ఆయన దిక్సూచి పట్టుకుని ముందుగా వెళ్లేది కూడా అక్కడికే. ఆయన మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయన ఈశాన్యం నీళ్ల తొట్టి గురించి మీతో గట్టిగా వాదిస్తుంటే, వెంట వచ్చిన నలుగురిలో ఒకరు నైరుతిలో ఒంటరిగా ఉంటారు.

తాళం చెవి సంగతి ఇంకా సులువు. బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనక, చీరల మడతలో, పోపుల డబ్బాలో. ఈ నాలుగు చోట్లూ అందరికీ తెలుసు. ఆ రోజు తాళం చెవి మీ ఒంటి మీద ఉండాలి, నడుముకో మెడలో గొలుసుకో.

నగలకు బ్యాంకు లాకరే మేలు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి నుంచి దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం లాంటి వాటి వల్ల లాకరులోని సొత్తు పోతే ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత ఉంటుంది. అద్దె రెండు వేలయితే రెండు లక్షలన్నమాట. పది తులాల బంగారానికి అది ఏ మూలకూ చాలదని నాకూ తెలుసు. అయినా పోపుల డబ్బా కంటే నయం. లాకరులో నగదు మాత్రం పెట్టకూడదు, ఒప్పందమే ఒప్పుకోదు. చిట్టీ పాడిన డబ్బు ఇంట్లో ఉంటే ముందు రోజే ఖాతాలో వేయండి.

నగలకు ఫొటోలు, బిల్లులు, తూకం రాసిన కాగితం ఉన్నాయా? లేకపోతే లాకరుకు పంపే ముందే ఒక్కొక్కటి ఫొటో తీయండి.

పూజ గదిని గడప దగ్గర నిలబడి చూపించండి. చాలామంది లోపలికి అడుగుపెట్టరు కదా అని ధీమాగా ఉంటాం, కానీ చిన్న పూజ గదిలో గడప మీద నిలబడినా కుందులు చేతికి అందుతాయి. వెండివి తీసి ఆ రోజుకు ఇత్తడివి పెట్టండి. దేవుడేమీ అనుకోడు.

అద్దం ముందు విప్పి పెట్టిన చెవి దిద్దులు, చార్జింగులో ఉన్న ఫోను, వాచీ సరే. అన్నిటికంటే ప్రమాదం తలుపు వెనక మేకుకు వేలాడే తాళాల గుత్తి. బంగారం పోతే ఒకసారే పోతుంది. ఇంటి తాళం చెవి పోతే వాడు తీరిక చూసుకుని మళ్లీ వస్తాడు. గుత్తి తీసి లోపల పెట్టండి. చెవి ఒకటి తగ్గిందని ఏ మాత్రం అనుమానం వచ్చినా అదే రోజు తాళం మార్చండి.

కాగితాలు

దస్తావేజు అసలు ప్రతిని ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల చేతికి ఇవ్వొద్దు, జిరాక్సు చాలు. ఈసీ (ఇంటి మీద ఇప్పటిదాకా రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) వివరాలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో వాళ్లే చూసుకోవచ్చు. బేరం కుదిరి బయానా మాట వచ్చాక అసలు ప్రతి లాయరు ముందు చూపించవచ్చు. జిరాక్సులో కూడా వేలిముద్రలు, ఆధార్ నంబరు కనిపించకుండా కాగితం అడ్డం పెట్టి తీయించండి. దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో పెద్దపల్లి జిల్లాలోనే బయటపడింది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే ఆ భయం చాలావరకు ఉండదు.

వాళ్లు వచ్చాక

ఇంట్లో మనవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఒకరు చూపించాలి, ఒకరు హాల్లో కూర్చోవాలి. అమ్మమ్మనో నాన్ననో హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, వాళ్ల ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి.

ముందు నడిచి దారి చూపించడం మన మర్యాద. ఇల్లు చూపించేటప్పుడు మాత్రం వెనక నడవండి. "మీరు రండి, ముందు మీరే చూడండి" అని వాళ్లను గదిలోకి పంపి మీరు గుమ్మంలో నిలబడండి. మర్యాద తగ్గదు, కళ్లు కూడా అందరి మీదా ఉంటాయి. ఒక గది చూశాక తలుపు దగ్గరగా వేసి ఇంకో గదికి కదలండి. నలుగురు వచ్చి నాలుగు వైపులా చీలిపోతే, "అక్కా, అందరం కలిసే చూద్దాం, ఇటు రండి" అని నవ్వుతూ పిలవండి. రెండుసార్లు పిలిచినా ఒకరు కలవకపోతే చూపించడం ఆపి హాల్లోకి వచ్చేయండి.

మంచినీళ్ల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. "పెద్దమ్మా, కొంచెం నీళ్లిస్తారా?" అంటే కాదనే ఇల్లు మన దగ్గర ఉండదు. మీరు వంటగదిలోకి వెళ్లి గ్లాసు కడిగి నీళ్లు పట్టి తెచ్చేలోపు ఒక సొరుగు తెరిచి మూయవచ్చు. నీళ్ల సీసాలు, గ్లాసులు ముందే వరండాలో బల్ల మీద పెట్టండి. టీ కూడా ఆ రోజుకు ఫ్లాస్కులోనే. బాత్రూము అడిగితే బయటిది చూపించండి. లోపలిదే గతి అయితే అందులో అర ముందుగానే ఖాళీ చేసి ఉంచండి.

మోసపోయే రెండో చోటు మిద్దె. "బోరు, ట్యాంకు చూపిస్తారా?" అని ఒకరు మిమ్మల్ని పైకి తీసుకెళ్తారు, ఇంకొకరు కాళ్ల నొప్పులంటూ కింద ఆగిపోతారు. నిజంగానే నొప్పులు కావచ్చు. వాళ్లకు వరండాలో కుర్చీ వేసి, ఇంటి తలుపుకు తాళం వేసి పైకి వెళ్లండి.

ఒక గదికి తాళం వేసి "అది తర్వాత చూపిస్తాం" అనమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. కొనేవాడికి ఆ గదిలో చెమ్మ ఉందేమో, గోడ బీటలు వారిందేమో అన్న అనుమానం మొదలవుతుంది. గది ఖాళీ చేసి తెరిచి చూపించడమే మంచిది.

హాల్లో చిన్న వైఫై కెమెరా పెట్టుకోవచ్చు. ఉన్నదని వచ్చినవాళ్లకు చెప్పండి, చెప్పడం వల్లే సగం పని అవుతుంది. పడకగదుల్లో మాత్రం వద్దు. కరెంటు పోతే అది గుడ్డిదేనన్న సంగతీ మరవొద్దు.

ఏజెంటు చేతికి తాళం ఇవ్వాల్సి వస్తే ఇంట్లో విలువైనదేదీ మిగలకుండా చూసి, ఏ రోజు ఎవరిని తీసుకొచ్చాడో వాట్సాప్‌లో రాయమనండి. చూపిస్తున్నంతసేపూ వీడియో కాల్‌లో ఉండమనండి. నంబరు తాళమైతే ప్రతిసారీ నంబరు మార్చేయండి.

గేటు వేశాక

ఒక కుటుంబం వెళ్లి రెండోది వచ్చేలోపు ఆ అరగంటలో లెక్క చూడండి. మందులు, పూజ గది, తాళాల గుత్తి, అద్దం ముందు. తర్వాత వెనక తలుపు గొళ్లెం, ప్రతి కిటికీ గడియ, మిద్దె తలుపు చేత్తో తాకి చూడండి. పగలు వచ్చి ఒక కిటికీ గడియ తీసి వెళ్లినవాడు ఆ రోజు ఏమీ ఎత్తుకెళ్లడు. రాత్రికి వస్తాడు.

ఏదైనా పోయిందని తేలితే వచ్చినవాళ్లకు ఫోను చేసి గొడవపడొద్దు, పనిమనిషిని నిలదీయొద్దు. 100కు గానీ 112కు గానీ ఫోను చేసి, స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. నివాస గృహంలో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు ఉంటుంది. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో నమోదు చేయకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పంపవచ్చు. మాత్రలే కదా అని వాటిని ఫిర్యాదులో వదిలేయొద్దు, పేరూ సంఖ్యా రాయండి. ముందు రోజు తీసిన ఫొటో అక్కడ పనికొస్తుంది.

మందులు పోతే పోలీసుల కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి కూడా అదే రోజు వెళ్లాలి. ఫిట్స్ మందు, ఏళ్ల తరబడి వేసుకుంటున్న ఆల్ప్రాజోలం, మార్ఫిన్ ఉన్నట్టుండి ఆగిపోతే మనిషి ప్రమాదంలో పడతాడు. కొత్త చీటీ లేకుండా షాపు వాళ్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఏమీ పోలేదా? మంచిది. చీకటి పడేలోపు పక్కింటి నుంచి పెట్టె తెచ్చి, మాత్రలు మళ్లీ లెక్కపెట్టి, డబ్బాను ఫ్రిజ్ మీద పాత చోటే పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి అమ్మ చేయి అక్కడికే వెళ్తుంది.